రెండో స్లైడు

ఎనుమాముల, వరంగల్
11 నవంబరు 2025, మంగళవారం ఉదయం

నా సౌమ్యకు,

హెప్సిబా ప్రేమతో చెప్పుకునే వందనాలు. మీ ఆయనకూ అత్తమ్మకూ నా నమస్కారాలు అందించు. పరకాలలో మీరంతా చల్లగా ఉండాలని ప్రార్థన చేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చింపెయ్యకు. తిట్టాలనుంటే తర్వాత తీరిగ్గా తిట్టుకో, ముందు ఈ నాలుగు ముక్కలు చదువు. రేపు పొద్దున సీజర్‌కు చేయించాలనుకున్న గడ్డ ఆపరేషన్ ఆపించు. గడ్డ ఇంకో రెండు నెలలున్నా వాడికేమీ కాదట. ఇప్పుడు కత్తి పడితే మాత్రం నెత్తురు ఆగదట. ఇది మన కుక్కలను చూసిన నాసిర్ డాక్టరు గారి మాట. నా నంబరు బ్లాక్ చేశావు. మీ హరీష్ అన్న నీకు ఫోన్ చేస్తే, నా పేరు వినగానే పెట్టేశావట. చెల్లెలి మొండితనం అన్నకు తెలియనిదా? నవ్వి ఊరుకున్నాడు. ఇక్కడ మార్కెట్లో పత్తి దింపి సాయంత్రానికి మీ ఇంటికి వస్తాడు కాబట్టి ఆయన చేతికే ఇస్తున్నాను.

శనివారం నేను నీకు అబద్ధం చెప్పాను. అది విడమరిచి చెప్పకపోతే నువ్వు ఈ ఉత్తరాన్ని నమ్మవు.

మనం గోడకు గోడ ఉన్నప్పుడు దేనికి కొట్లాడుకున్నామో గుర్తుంది కదా. మా కర్రెన్న ఒంటి మీది పిడుదులే మీ సీజర్‌కు ఎక్కుతున్నాయని నువ్వన్నావు. వీధి కుక్కను తెచ్చి పెంచుకుంటే ఇంతేనని కూడా అన్నావు. నేనేం తక్కువ తినలేదు, అత్తరు పూసుకునే కుక్కలకు పిడుదులెందుకు పడతాయని వెక్కిరించాను. అంతే, రెండేళ్లు మాటల్లేవు. మీరు పరకాలకు ఇల్లు మారిన రోజు కూడా నేను కిటికీలోంచే చూశాను.

అలాంటిది, కర్రెన్నకు నెత్తురు కావాలని నేను వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ చూసి నువ్వే సీజర్‌ను కార్లో ఎక్కించుకుని వచ్చావు. నలిగిన చీరతో, తల కూడా దువ్వుకోకుండా వచ్చావు. నిన్ను చూసి నాకు ఏడుపొచ్చింది. మా వాడి చిగుళ్లు తెల్ల కాగితంలా ఉన్నాయి, లేచి నిలబడే ఓపిక లేదు. సీజర్ మాత్రం నిగనిగలాడుతూ క్లినిక్ అంతా వాసన చూస్తూ తిరిగాడు. బుధవారం వాడి గడ్డ తీయిస్తున్నామని, అంతలోపే నెత్తురు తీస్తే ఏమన్నా అవుతుందా అని నన్నడిగావు.

నువ్వు బయట కూర్చున్నాక డాక్టరు గారు సీజర్ కాలి నుంచి తీసిన నెత్తురు బొట్టును గాజు పలక మీద పలచగా పరిచి, ఆరబెట్టి, రంగు వేశారు. నెత్తురిచ్చే కుక్కను కూడా ముందు పరీక్ష చేయాలట. అప్పటికే మా వాడి పలక నాకు చూపించారు. ఎర్ర కణాల లోపల జామపండ్ల ఆకారంలో జంటలు జంటలుగా పురుగులున్నాయి, అవే మా వాడి నెత్తురును తినేస్తున్నాయి. సీజర్ పలక మీద ఎర్ర కణాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. అమ్మయ్య అనుకున్నాను.

కానీ ఆయన మైక్రోస్కోపు మీంచి కళ్లు ఎత్తలేదు. పలకను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశారు. నెత్తురును గడ్డ కట్టించే చిన్న కణాలు ఎక్కడా కనబడటం లేదన్నారు. ఒక్కోసారి అవన్నీ పలక అంచున గుంపు కడతాయట, అక్కడా వెతికారు, లేవు. ఆ తర్వాత ఒక పెద్ద తెల్ల కణం చూపించారు. దాని లోపల అల్లనేరేడు రంగులో ఒక ముద్ద ఉంది. రంగు మరకేమోనని నేనే అన్నాను, మరక కావాలని మనసులో దేవుణ్ణి అడిగాను కూడా. ఆయనకూ అదే అనుమానం వచ్చి కొత్త రంగుతో రెండో స్లైడు చేశారు. అది ఆరేదాకా ఆగాం. పక్క బల్ల మీద కర్రెన్న ఎగశ్వాస తీస్తున్నాడు. రెండో దాంట్లోనూ ఆ ముద్ద ఉంది. పిడుదుల వల్ల వచ్చే ఇంకో రోగం అది.

"అమ్మా, ఇది నెత్తురిచ్చే కుక్క కాదు, దవా తాగాల్సిన కుక్క. దీని మెడకు సూది పెడితే కారుడు ఆగదు. జర మీ దోస్తును లోపలికి పిలువు, నేనే చూపిస్త," అన్నారు.

పిలవడానికే బయటికి వచ్చాను. నువ్వు లేచి నిలబడి, ఎంతైనా తీసుకోమన్నావు. నిన్ను వెక్కిరించిన నోటితో మళ్లీ పిడుదుల మాట ఎలా ఎత్తను? పాత మాట అప్పజెబుతోందని నువ్వు అనుకుంటావని భయపడ్డాను. అందుకే నెత్తురు గ్రూపు కలవలేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. వాడి నెత్తురు బంగారంలా ఉందట, నిశ్చింతగా వెళ్లమని కూడా అన్నాను. డాక్టరు గారికేమో అన్నీ చెప్పి పంపానన్నాను.

నీ మెసేజ్ నిన్ననే చూశాను. "మొదటిసారి ఎక్కిస్తే గ్రూపు సూడరంటనే. మా సీజర్ నెత్తురు గూడ నీకు పనికిరాదా?" అని రాశావు. నీకు కోపం రావడం న్యాయమే. ఆ రెండు రోజులూ నేను ఫోను ముట్టలేదు. నిన్న బిల్లు కట్టడానికి వెళ్తే డాక్టరు గారు మీ దోస్తు గోలీలు మొదలుపెట్టిందా అని అడిగేసరికి నీ బుధవారం ఆపరేషన్ గుర్తొచ్చి ఫోను తీశాను. అక్కడి డాక్టరు అడిగితే, వరంగల్‌లో నెత్తురు చూశారు, మంచిగుందన్నారు అని నువ్వు చెబుతావు. నా మాట నమ్మి చెబుతావు.

కవరులో రెండు స్లైడ్ల ఫొటోలున్నాయి, డాక్టరు గారి చీటీ ఉంది. గోలీలు కూడా పెట్టాను, రాత్రి అన్నం తిన్నాక మొదటిది వెయ్యి. నాలుగు వారాలు మానకూడదు. నొప్పి తగ్గించే ఇంజెక్షన్లేవీ వేయించకు. రేపు ఆపరేషన్‌కు బదులు వాడిని ఇక్కడికి తీసుకొచ్చి మళ్లీ పరీక్ష చేయించు. ఇప్పుడు పట్టుకున్నాం కాబట్టి బతుకుతాడని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

ఎవరి పిడుదులు ఎవరికి ఎక్కాయో డాక్టరు గారికీ తెలియదు. మా వాడివే అంటే అను, ఈసారి ఎదురు చెప్పను.

నిన్ను పోగొట్టుకోలేని
హెప్సిబా

తా.క.: కర్రెన్న సంగతి పైన రాయలేదు. రాస్తే ఆ మాట దగ్గరే ఆగిపోయి మిగతాది చదవవని భయం. వాడు శనివారమే పోయాడు, సౌమ్యా. నీ కోపానికి జడిసి నేను బయట నిలబడి అబద్ధం చెబుతున్నప్పుడు పోయాడు. నీ కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి లోపలికి వస్తే, డాక్టరు గారు వాడి కాలి సూది తీసేస్తున్నారు. కడసారి వాడి తల మీద నా చెయ్యి లేదు. ఇది చదివి ఇప్పటికిప్పుడు ఏడుస్తూ బయలుదేరకు. ముందు సీజర్‌కు గోలీ వెయ్యి. రేపు సీజర్‌ను తీసుకునే రా.