బోరు వంకర చూడకుండా పంపు దించకు

ఫ్రెస్నో, 12 ఏప్రిల్ 1984

తమ్ముడూ సాంబా, నేను బాగానే ఉన్నా, కంగారుపడకు. దెబ్బ తగిలింది ఇక్కడ మా పంపుల షాపు మెకానిక్ రత్నరాజుకి.

మొన్న ఒక తెలుగు డాక్టరుగారి బాదంతోటలో బోరుకి టర్బైన్ పంపు దించాం. కేసింగు, అంటే బోరులో దించిన ఇనుప గొట్టం, నిటారుగా ఉందో లేదో ముందు పంపంత లావు డమ్మీ గొట్టం దించి చూడాలి. రాజు అదే అన్నాడు. "కొబ్బరికాయ కొట్టేశారు, ముహూర్తం దాటిపోతుంది, కానివ్వవయ్యా" అన్నది నేనే. రెండొందల అడుగుల దగ్గర కేసింగు వంకరలో పంపు ఇరుక్కుంది. పైన రాజు పంపు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు సర్దుతుంటే గొట్టం ఒక్కసారిగా జారింది. కుడిచెయ్యి క్లాంపు కింద నలిగి నాలుగు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రిలో "మీ ముహూర్తం నాకు పడలేదన్నా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఊళ్ళో మన బోరుకి కూడా పంతులుగారు టైము పెట్టారన్నావు. డమ్మీ దించి చూశాకే పంపు. ముహూర్తం పోతే పోనీ. పాపకి దగ్గు తగ్గిందా?

తెనాలిలో రాజు భార్య లూసీకి ఇంకా తెలీదు. వారం వారం తనే ఉత్తరం రాసేవాడు, ఇప్పుడు రాయలేడు. ఈ కార్డు అందగానే వెళ్ళి చెప్పు. తొందరపెట్టింది మా అన్నేనని కూడా చెప్పు, దాచకు.

మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు.

అన్న కోదండం