చిట్టి తాగిన దోసెడు నీళ్లు

అక్కకి, బావకి అప్పారావు దండాలు. మీరు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ నేను, మంగ బాగానే ఉన్నాం. చిట్టి కూడా ఇప్పుడు బాగానే ఉంది. ‘ఇప్పుడు’ అన్నానని కంగారు పడకు, అంతా రాస్తాను. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను వినలేను.

కాజీపల్లి మందుల కంపెనీలో నా పని మామూలే, డ్రమ్ములు మోయడం, కడగడం. ఎండలు మండిపోతున్నాయి. జొన్నరొట్టె నాకు అలవాటైంది, మంగకే ఇంకా గొంతు దిగడం లేదు. నీ చేతి చేపల పులుసు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. తాగడానికి మంజీర నీళ్లు రోజు విడిచి రోజు కుళాయిలో వస్తాయి. మేం దిగిన రోజే ఇంటి ఓనరమ్మ మంగని కూర్చోబెట్టి, "బోరు నీళ్లు పిల్ల నోట్ల పోనీయకు బిడ్డా, ఖరాబున్నయ్" అని చెప్పింది. మంగ ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు.

చిట్టి మన కొండ మీది డేమ్ కోసం బెంగ పెట్టుకుంది. అందుకని పోయిన ఆదివారం నాతో పనిచేసే యాదయ్యని వెంటబెట్టుకుని ఊరి బయట చెరువు గట్టుకి తీసుకెళ్లాను. మన దగ్గర పడవ ఎక్కే ముందు ఏం చేస్తాం? దోసెడు నీళ్లు కళ్లకద్దుకుని, తాగి, అప్పుడు కాలు పెడతాం. నువ్వు నేర్పిందే కదా. గట్టున పాత తెప్ప చూడగానే చిట్టి పరుగెత్తి దోసిలి పట్టింది. నేను మురిసిపోయానక్కా! నీకు చూపిద్దామని ఫోను కూడా తీశాను. యాదయ్యే అరిచాడు.

"అరె, ఏం జూస్తున్నవ్ భై! గవి కంపెనీల నీళ్లు కలిసేటి చెరువు. ఉమ్మెయ్యమను, జల్దీ!"

అప్పటికే మింగేసింది.

సాయంత్రానికి వాంతులు, జ్వరం. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. యాదయ్య భార్య మాకు అన్నం మోసింది, వాళ్ల మేలు మరచిపోలేను. పిల్ల లేచి తిరుగుతోంది. కానీ మంజీర నీళ్లే ఇచ్చినా "నాన్నా, ఇవి మంచివేనా?" అంటుంది. నేను ముందు తాగితే గాని గ్లాసు ముట్టదు. నాలుగేళ్ల పిల్ల!

మీ దగ్గరకి పంపేద్దామని మంగ పట్టుబట్టింది. నేనూ సరేనన్నాను. మన వైపు పట్నం అంతా మన డేమ్ నీళ్లే తాగుతుందని యాదయ్యకి గొప్పగా చెప్పి, పిల్ల బట్టలు సర్దాను. ఇంతలో బావ టూరిస్టు బోటు ఫోటోలు పంపాడు. సెలవు రోజుల్లో ఊపిరాడనంత బేరమట, చాలా సంతోషం. కానీ బోటు వెనక నీళ్ల మీద నూనె తెట్టు కట్టి ఉంది. ఒడ్డునంతా ప్లాస్టిక్. బోటులో కూర్చున్న నీ చేతిలో కొన్న నీళ్ల సీసా ఉంది. అది చూశాక నాకు నిద్ర లేదు.

పిన్నికి, పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పు. చిట్టిని దీవించమను. అక్కా, బావ నొచ్చుకుంటాడని దాచకు. నువ్వు ఇంకా డేమ్ నీళ్లే తాగుతున్నావా? అవునంటే రేపే రైలెక్కిస్తాను. కాదంటే, దీన్ని ఎక్కడికి పంపాలో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
అప్పారావు