గట్టు పక్క అలసందలు

అన్నయ్యా, నేను కులాసా. కార్డు చూసి కంగారుపడి బయల్దేరకు.

మొక్కజొన్న చేలలోంచి మా పరిశోధన షెడ్డుకి తెచ్చిన అడవి ఎలుక ఒకటి మొన్న ఈనింది. పొద్దున గడ్డి మార్చబోతే పిల్లలు లేవు. తల్లే తినేసింది. మనుషుల అలికిడికి బెదిరిందనుకుని బోనుకు దుప్పటి కప్పి, అందరం పిల్లుల్లా నడిచాం. అలవాటైన తిండి కదా అని దానికి పెట్టింది మాత్రం మొక్కజొన్నే. డాక్టరమ్మ తల పట్టుకుంది. "చేలోనూ అదే, ఇక్కడా అదేనా? కడుపు నిండుతుంది గానీ ఒంటికేం పడుతుంది? సత్తువ లేని తల్లి ఇలాగే చేస్తుంది" అంది. అలసందలు కలిపి పెట్టిన పక్క బోనులో పిల్లలు పాలు తాగుతున్నాయి.

ఎలుకలేగా, పీడా పోయిందనకు. గట్టు పక్క అలసందలు కూడా పీకేసి మొక్కజొన్నే వేస్తానన్నావు. నీకు దణ్ణం పెడతాను, పీకకు. అమ్మకు కళ్ళజోడు మార్పించావా? వదినకి ఏడో నెల కదా, మూడు పూటలా ఆ మొక్కజొన్న రొట్టేనా? జవాబు తననే రాయమను. నువ్వయితే కడుపు నిండా తింటోందని రాస్తావు. ఆ ఎలుకా కడుపు నిండానే తిన్నది.

పుట్టబోయే బుజ్జికి మేనత్త దీవెనలు.

నీ చెల్లి