దగ్గు బిళ్లల కోర్సు

3, సోమవారం. ఉదయం 8.40
పద్దెనిమిదేళ్లుగా కాలేజీలో వ్యాకరణం చెబుతున్నాను. ఈ ఏడు 'బాలసాహిత్య పరిచయం' కోర్సు కూడా నాకే అంటగట్టారు. మంచిదే. ఈ దెబ్బతో మారిపోతాను.

తీర్మానం: కథ చదవడం, ఆపడం. నీతి చెప్పను. "దీన్నిబట్టి మనకేం తెలుస్తోంది?" అని ఎవరినీ అడగను. క్లాసులోనూ, ఇంట్లోనూ.

ఇంట్లో ఎందుకంటే, మా ఎనిమిదేళ్ల అమ్మాయి నా చేత కథలు చదివించుకోవడం మానేసి నాలుగు నెలలైంది. అంతా వాళ్లమ్మ దగ్గరే. నాన్న దగ్గరైతే కథ అయ్యాక పరీక్ష ఉంటుందని చెప్పిందట. ఆ మాట గుచ్చుకుంది. దాన్ని మళ్లీ నా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఉపాయం: చివరి వాక్యం కాగానే నోట్లో దగ్గు బిళ్ల. కరిగేదాకా మాట్లాడకూడదు. డబ్బా కొన్నాను. నలభై బిళ్లలు.

4, మంగళవారం
గొడుగంటే భయపడే వాన కథ చదివాను. బిళ్ల వేసుకున్నాను. ఇరవై రెండు మంది పెన్నులు పట్టుకుని నా వంకే చూస్తున్నారు. ఐదు నిమిషాలు. చివరికి వెనక బెంచీ అమ్మాయి కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ. అద్భుతం!

సాయంత్రం ఇంట్లో ప్రకటించాను. మా అమ్మాయి "చూద్దాం" అంది.

7, శుక్రవారం
ఒక విద్యార్థి నా దగ్గు తగ్గడానికి తేనె తెచ్చిచ్చాడు. తీసుకున్నాను.

10, సోమవారం
ప్రిన్సిపాల్ ఫారం పంపారు. ప్రతి కథ ఎదుటా 'విద్యార్థి నేర్చుకున్నది' అని ఒక గడి. ఖాళీగా వదిలితే వెనక్కి పంపుతారట. పదకొండు కథలకు పదకొండు నీతులు రాశాను. నోటితో అనలేదు కాబట్టి లెక్కలోకి రాదు. ప్రాణం లేచొచ్చింది.

12, బుధవారం
నీతి చెప్పలేదు. 'చిన్న పరిశీలన' ఒకటి చెప్పాను. బిళ్లను దవడలోకి నెట్టి.

13, గురువారం
పరిశీలనలు: నాలుగు. వాటిలో ఒకటి ఇరవై నిమిషాలు. బిళ్లలు: సున్నా. గొంతు బాగానే ఉంది, అనవసరంగా మందులెందుకు? వెనక బెంచీ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

15, శనివారం. సాయంత్రం 6
మా అమ్మాయి తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో కాగితం. సొంతంగా రాసిన కథ. ఒక చీమకు ఆరు చెప్పులు. ఒకటి పోయింది. మిగతా ఐదూ వేసుకుని కుంటుకుంటూ వెతకడానికి బయల్దేరింది. పేజీ అయిపోయింది. బిళ్లల డబ్బా కాలేజీలో ఉండిపోయింది.

"అంటే ఎవరి వస్తువులు వాళ్లు జాగ్రత్తగా పెట్టుకోవాలన్నమాట" అన్నాను.

అది కాగితం లాక్కుని మడిచింది. "వెనక పక్క ఇంకా ఉంది నాన్నా" అని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

కాగితం తిప్పి చూడాలని కూడా తోచలేదు నాకు. ఏడుపొచ్చింది.

16, ఆదివారం. ఉదయం 7
తీర్మానం, మళ్లీ మొదటి నుంచి. డబ్బాలు మూడు: కాలేజీలో ఒకటి, ఇంట్లో ఒకటి, చొక్కా జేబులో ఒకటి.

10.15
అమ్మాయి దగ్గరికి వెళ్లి, చీమ చెప్పు దొరికిందా అని అడిగాను. ఎందుకంటూ అనుమానంగా చూసింది. నిన్నటి నుంచీ అదే ఆలోచన అన్నాను. నిజంగానే.

"రోజుకు కొంచెమే చదువుతా. నువ్వు మాట్లాడితే ఆపేస్తా."

ఒప్పుకున్నాను. చెప్పు నత్త దగ్గరుందట. నత్తకు కాళ్లు లేవు కదా, నెత్తిన పెట్టుకుందట. పగలబడి నవ్వాను. అదీ నవ్వింది. నా భుజానికి ఆనుకుని.

దీన్నిబట్టి నాకు తెలిసిందేమిటంటే—

బిళ్ల వేసుకున్నాను.