గిన్నె తిరిగివ్వాలి

ఫరీదాబాద్,
మే 1984

హైమవతి ఆంటీ గారికి నమస్కారాలు.

ఇక్కడ ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఉద్యోగం పర్మనెంటయింది. ఇంటికన్నా ముందు మీకే రాస్తున్నాను.

నిరుడు సివిల్స్ ఫలితాలొచ్చిన సాయంత్రం, ఢిల్లీలో సివిల్స్ కుర్రాళ్ళుండే కటవారియా సరాయ్ గదిలో చనిపోదామనే తలుపేసుకున్నాను. ముక్కూ మొహం తెలియని మీరు వదలకుండా తలుపు తట్టి, పులిహోర గిన్నె చేతిలో పెట్టారు. ఆకలి లేదన్నాను.

"తినకపోతే మానెయ్ బాబూ. గిన్నె మాత్రం రేపు కంటోన్మెంటుకి నువ్వే తెచ్చివ్వాలి. మా హవల్దారు గారికి డ్యూటీకి అందులోనే అన్నం పెట్టాలి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కానీ పరాయివాళ్ళ గిన్నె ఉంచేసుకుని ఎలా పోను? ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ నేర్పిన అలవాటొకటి. పొద్దున్నే అందులో పంచదార పోసుకుని బస్సెక్కి, గిన్నె మీద చెక్కిన మీ పేరు పట్టుకుని క్వార్టర్సంతా వెతుక్కుంటూ వచ్చాను.

మీ గుమ్మంలో అప్పటికే ఇద్దరు కుర్రాళ్ళు గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. లోపల అంకుల్ గారు వేరే క్యారియర్‌తో డ్యూటీకి బయల్దేరుతున్నారు. ఎవరి గది తలుపు తెరుచుకోలేదో మా ఇంటి ఓనరు దీదీ మీకు కబురు పెడుతుందనీ, ఫలితాలొచ్చిన రోజు మీ క్వార్టర్స్ ఆడవాళ్ళంతా ఆ గదులు పంచుకుని గిన్నెలతో వస్తారనీ అప్పుడు తెలిసింది.

ఈసారి ఫలితాలు వచ్చేవారం అంటున్నారు. సెలవు పెట్టాను. పక్కనున్న జియా సరాయ్ కుర్రాళ్ళ గదులు నా వంతుకివ్వండి. గిన్నె కూడా కొన్నాను. తెచ్చివ్వాల్సినవాళ్ళు వెతుక్కోకుండా, దాని మీద పేరుకు బదులు నా అడ్రసు చెక్కించాను.

ఇట్లు,
పంచదార తెచ్చినవాడు