లిమ్ గారి పథ్యం

జురాంగ్ వెస్ట్, సింగపూర్
14 మార్చి 2000

చి.ల.సౌ. మంగతాయారుకి,

విశ్వేశ్వరరావు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అమ్మాయి, అల్లుడు, మొన్న మొన్న పుట్టిన మనవరాలు క్షేమం. నా సంగతి కింద రాస్తాను.

పదో తరగతి పరీక్షలు, హెడ్మిస్ట్రెస్ లేకపోతే బడి నడవదు అని నువ్వు సామర్లకోట బస్సు ఎక్కినంత తేలిగ్గా విమానం ఎక్కేశావు. అప్పట్నుంచీ వంట నాదే, ఉయ్యాల నాదే, గుడ్డలు ఆరెయ్యడం నాదే. కిటికీలోంచి బయటికి వెదురు బొంగు చాచి దాని మీద ఆరెయ్యాలి ఇక్కడ. తొమ్మిదో అంతస్తు. నిన్న నా బనీను ఒకటి ఎగిరిపోయి కింద ఎవరి సైకిలు మీదో వాలింది. వెళ్ళి అడగడానికి మొహం చెల్లక ఆశ వదులుకున్నాను.

అల్లుడు సాయి కిరణ్ తంజోంగ్ పగార్‌లో ఇంటర్నెట్ మీద కూరగాయలు అమ్మే కంపెనీ నిలబెడుతున్నాడు. ఇంటికి మాత్రం ఒక్క బెండకాయ తేడు. నీకు ఫోను చేద్దామంటే ఆ తీగెలోంచే ఇంటర్నెట్ కూడా పోతుందట, ఎప్పుడూ ఎంగేజే. అందుకే ఈ ఉత్తరం.

నాకు ఒంట్లో బాగుండటం లేదు మంగా. నీరసం, నడుం నొప్పి. నిద్ర అన్నది లేదు. పై అంతస్తు అరుణమ్మగారు నిన్నూ అమ్మాయినీ చైనా వైద్యం చేసే లిమ్ గారి దగ్గరికి తీసుకెళ్ళారు కదా. ముంజేతి మీద మూడు వేళ్ళు ఆనించి లోపలి సంగతంతా చెప్పేస్తారన్నావు. ఇలాంటి మనిషికి ఆవిడ ఏం పథ్యం చెప్తారో నీకు తెలిసే ఉంటుంది. వెంటనే రాయి.

ఇట్లు,
నీరసంగా నీ భర్త

తా.క. లిమ్ గారు నాలుక కూడా చూస్తారన్నావని అద్దంలో చూసుకుంటున్నాను. అల్లుడు అటుగా వచ్చి చూసి, ఆ రోజు గంట ముందే ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

*

సామర్లకోట
12 మార్చి 2000

శ్రీవారి పాదాలకు మంగ నమస్కరించి రాయునది.

క్షేమంగా చేరాను. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే దిగులు. హడావిడిలో లిమ్ గారి పథ్యం సంగతి మీకు సరిగ్గా చెప్పకుండానే విమానం ఎక్కేశాను.

ఆ నీరసం, నడుం నొప్పి, నిద్ర లేకపోవడం, అన్నిటికీ ఒంట్లోకి గాలీ చలవా చేరడమే మూలం అన్నారు లిమ్ గారు. నలభై రోజులు కచ్చితంగా ఉండాలి. పచ్చి బొప్పాయి ముక్కలు, చేప, దట్టంగా అల్లం వేసి తెల్లగా మారేదాకా మరిగించిన చారు రెండు పూటలా వేడివేడిగా తాగాలి. చెవులకి గుడ్డ కట్టుకోవాలి. ఫ్యాను గాలి తగలకూడదు. తలంటు వద్దు. చల్లటిదేదీ ముట్టకూడదు. పొద్దు గూకాక గడప దాటకూడదు.

ఆ చారు గుణం ఏమిటో ఉత్తరంలో రాయడానికి నాకు సిగ్గేస్తోంది. పెద్దవారు, మీరే అర్థం చేసుకోండి. అమ్మాయిని మాత్రం అడగకండి, అది సిగ్గుతో చచ్చిపోతుంది.

ఉంటాను,
మీ మంగ

తా.క. అక్కడ ఉక్క ఎక్కువ. మీరు బార్లీ నీళ్ళు కాచుకుని తాగుతూ ఉండండి. మొన్న పరీక్షలో ఆరోగ్య సూత్రాలు రాయమంటే ఒక పిల్ల ‘మగవాళ్ళ చేత వంట చేయించరాదు’ అని రాసింది. మీరు గుర్తొచ్చారు.

*

జురాంగ్ వెస్ట్
22 మార్చి 2000

చి.ల.సౌ. మంగకి,

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. నా బాధ ఇలా రాశానో లేదో అలా జవాబు. నీరసం, నడుం నొప్పి, నిద్ర, వరసతో సహా పట్టేశావు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా నీ మనసు నాకు తెలియలేదు సుమా.

నువ్వు రాసినట్టే అక్షరం పొల్లుపోకుండా తాగుతున్నాను. రుచి గురించి రాయను, నువ్వు బాధపడతావు. అయినా గుణం కనిపిస్తోంది. సిగ్గేస్తోంది అని రాశావే, ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అర్థమైందిలే. ఈ వయసులో నీకు ఇలాంటి ఆలోచన వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

ఉల్లాసంగా,
నీ విశ్వేశ్వరరావు

తా.క. పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి?

*

సామర్లకోట
31 మార్చి 2000

శ్రీవారికి మంగ నమస్కారాలు.

మీ రెండు ఉత్తరాలూ పోస్టుమాన్ ఒకేసారి తెచ్చి ఇచ్చాడు. మొదటిదాంట్లో నీరసం అన్నారు. రెండోదాంట్లో నేను రాసింది తాగుతున్నాను, గుణం కనిపిస్తోంది అన్నారు. హమ్మయ్య, ఇంక వేరే వైద్యం ఎందుకని ఊరుకున్నాను.

రుచికేముంది, అలవాటవుతుంది. కాస్త నిమ్మకాయ పిండుకోండి. మొదట్లో రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, కంగారు పడకండి, అది మంచికే. అందులో నేను ఆలోచించిందీ లేదు, మీరు అంత మురిసిపోవాల్సిందీ లేదు. మా నాన్నగారు కూడా వేసవి పొడుగునా అదే తాగేవారు.

అక్కడ మీకు తోడు ఎవరూ లేరని నా బెంగ. కింద హాల్లో పొద్దున్నే చేరే మన తెలుగువాళ్ళ నాన్నలు ఉన్నారు కదా, వాళ్ళకీ చెప్పండి. మంచి మాట నలుగురికీ చెప్పడానికి సిగ్గెందుకు?

అమ్మాయి పథ్యం తప్పకుండా చూడండి.

ఇట్లు,
మీ మంగ

తా.క. పరీక్షలు అయ్యాక పేపర్లు దిద్దే డ్యూటీ ఉంది. అయినా మీకెందుకు ఆ తొందర?

*

జురాంగ్ వెస్ట్
10 ఏప్రిల్ 2000

నా మంగకి,

ఊరికి రాగానే మీ నాన్నగారి ఫొటోకి దండ వేసి దణ్ణం పెడతాను. ఆ వయసులో ఆయన వేసవి పొడుగునా తాగేవారా! మహానుభావుడు.

నువ్వు చెప్పినట్టే నలుగురికీ చెప్పాను. మన బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ హాలు ఉందే, ఇక్కడివాళ్ళు వాయిడ్ డెక్ అంటారు, అక్కడ పొద్దున్నే చేరే నాన్నల గుంపుకి అనకాపల్లి బెల్లం వ్యాపారి నూకరాజుగారు పెద్ద. కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. మొదట ‘బొప్పాయేటి, సేపలేటి, నాకు వొద్దు బాబూ’ అన్నారు. నువ్వు సిగ్గుపడి దాచిన గుణం ఆయన చెవిలో వేశాను. ఆయన నన్ను స్తంభం చాటుకి లాగి, ‘పొద్దుటిపూట తాగాలా, రేత్రా?’ అని అడిగారు. మర్నాటికి గుంపు గుంపంతా చేరిపోయింది.

ఇప్పుడు మార్కెట్టులో మేం వెళ్ళేసరికి పచ్చి బొప్పాయి ఉండదు, మాకంటే ముందు మాలో ఎవరో ఒకరు పట్టుకుపోతున్నారు. అందరం చెవులకి మఫ్లర్లు కట్టుకునే నడుస్తున్నాం. ఈ ఊరి ఉక్కలో మమ్మల్ని చూసి బడి పిల్లలు బస్సులోంచి చేతులు ఊపుతారు. తలంటు లేక అందరి జుట్టూ పిచ్చుక గూళ్ళలా ఉంది. సాయంత్రం కాఫీషాపులో చల్లటి బీరుకి చేరే బృందం కూడా మానేసింది. చల్లటిది ముట్టకూడదు, పొద్దు గూకాక గడప దాటకూడదు కదా. పేకాట లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు మనవల్ని ఊపుతున్నారు.

మొన్న ఒక సందేహం వచ్చి నేనే లిమ్ గారి దుకాణానికి వెళ్ళాను. బొప్పాయి చారు తాగుతున్నాం, ఎన్నాళ్ళు తాగాలి అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ ‘బేబీ ఎన్ని నెలలు?’ అన్నారు. ఎంత పెద్ద మనసు చూడు, రోగం సంగతి పక్కన పెట్టి మన మనవరాలిని అడిగారు. ‘నెల దాటింది’ అన్నాను. ‘వెరీ గుడ్ లా, కంటిన్యూ!’ అన్నారు. ఇక్కడివాళ్ళు మాట చివర ‘లా’ తగిలిస్తారులే.

ఇంట్లో ఒక్కటే లోటు. పసిది మధ్యలో వారం పది రోజులు గుక్కపట్టి ఏడ్చింది. అమ్మాయి మొహం వాడిపోయింది. అమ్మాయి పథ్యం చూడమన్నావని, నువ్వు చెప్పిన బార్లీ నీళ్ళు దానికే ఇస్తున్నాను. చారు ఒక్క గిన్నెడే వస్తుంది, అది నాకే సరిపోవడం లేదు.

ఎదురుచూస్తూ,
నీ విశ్వం

తా.క. చొక్కాలు ఛాతీ దగ్గర బిగుతవుతున్నాయి. నూకరాజుగారికీ అంతే. ఇదీ ఆ గుణంలో భాగమేనా?

*

సామర్లకోట
18 ఏప్రిల్ 2000

ఏమండీ,

నమస్కారాలూ క్షేమ సమాచారాలూ తరవాత. ముందు ఆ గిన్నె కింద పెట్టండి.

నేను ఉత్తరం రాసింది పన్నెండో తారీఖున. మీరు రాసింది పద్నాలుగున. మీరు అడగకముందే నేను జవాబు ఎలా రాస్తానండీ? బ్యాంకులో అన్నేళ్ళు పనిచేశారు, తేదీ చూసుకోరా? ఇంట్లో పచ్చి బాలింతని పెట్టుకుని ‘పథ్యం’ అంటే ఎవరికి అనుకున్నారు? మీకు రాసింది కింద తా.క.లో ఉన్న బార్లీ నీళ్ళు. మీరు తాగుతున్నది అదే అనుకున్నాను నేను. రాత్రి లేవాల్సి వస్తుంది అన్నది కూడా బార్లీ సంగతే.

ఆ చారు పాలు పడటానికి. మన వైపు బాలింతకి పాలసొర చేప పెట్టినట్టు, అక్కడ చైనావాళ్ళు బొప్పాయి చేపల చారు పడతారు. కన్నతండ్రికి ఆ ముక్క ఎలా రాయను అని సిగ్గుపడ్డాను. నా సిగ్గు పాడుగాను. పాలు ఇవ్వాల్సిన తల్లి బార్లీ నీళ్ళు తాగుతోందట, తాతగారు మఫ్లరు కట్టుకుని పాల చారు తాగుతున్నారట! అది మీకు చెప్పుకోలేక లోపల్లోపల ఎంత ఏడ్చిందో. మీ ఉత్తరం స్టాఫ్ రూములో తెరిచాను. సగంలో నా మొహం చూసి డ్రిల్లు టీచరు రాధ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయికి ఏమని చెప్పను?

వెంటనే దానికి చారు కాచి ఇవ్వండి. మీరు తలంటు పోసుకోండి. ఆ నూకరాజుగారి చెవిలో వేసిన మాట ఎలా వెనక్కి తీసుకుంటారో నాకు తెలియదు. ఆయన భార్య ఎదురుపడితే నేను ఏ మొహంతో పలకరించాలి?

మంగతాయారు

తా.క. ఛాతీ సంగతి అడిగారు. అల్లం వేసిన చేపలు రెండు పూటలా తింటే ఎవరికైనా ఒళ్ళొస్తుంది, మరింకేమీ కాదు. అయినా ఎందుకైనా మంచిది, మానెయ్యండి.

*

జురాంగ్ వెస్ట్
1 మే 2000

చి.ల.సౌ. మంగతాయారుకి,

ఏ మొహంతో రాయాలో తెలియక రెండు రోజులు ఆగి రాస్తున్నాను. నీ ఉత్తరం లిఫ్టు దగ్గర డబ్బాలోంచి తీసుకుని అక్కడే చదివాను. పైకి పదిసార్లు లిఫ్టు వెళ్ళుంటుంది. నేను ఎక్కలేదు. నా బిడ్డ నోటి ముందు గిన్నె లాక్కుని తాగాను అన్న ఒక్క మాటే తలలో తిరుగుతోంది.

చివరికి మెట్లెక్కి వెళ్ళాను. అమ్మాయి పసిదాన్ని జోకొడుతోంది. ‘అమ్మా సరయూ’ అన్నాను. అది నా చేతిలో ఉత్తరం చూసి తల దించుకుంది. ‘నాకు మొదటి రోజే తెలుసు నాన్నా. యూ వర్ సో హ్యాపీ. రోజూ చారు తాగి, ఎంత బలం వచ్చిందో చూడు అని ఉయ్యాల ఒంటిచేత్తో ఎత్తి చూపించేవారు. ఎలా చెప్పను?’ అంది. మరి నువ్వు ఏం తాగావమ్మా అంటే, ‘అరుణమ్మ ఆంటీ తెచ్చేవారు’ అంది.

వెంటనే పై అంతస్తుకి వెళ్ళాను. అరుణమ్మగారి తాతలనాడే ఇక్కడికి వచ్చేశారు కదా, ఆవిడ మాటల్లో అరవం, మలయ్ అన్నీ కలుస్తాయి. ‘ఏమి బావూ, నేను వారం దినాలు చూసినాను. బేబీ ఏడుపు పైకే కేక్కుతుంది. మార్కెట్టులో మీరు బొప్పాయి కొనేది చూసినాను, పిల్లకేమో పాలు లేవు. అయ్యో పావం, ఈ అంకులే తాగేస్తాడు అని తెలిసిపోయింది. అప్పటినుంచి మీరు వాకింగుకి దిగితే నేను మంగు నిండా సూపు తెచ్చి పిల్లకి ఇస్తాను’ అంది. కేక్కుతుంది అంటే వినిపిస్తుంది, మంగు అంటే గిన్నె. మన బిడ్డ ఆకలి ఆవిడ తీర్చింది మంగా. నేను చేతులు జోడించాను. ఆవిడ నా మఫ్లరు వైపు చూసి మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

పసిది ఇప్పుడు బాగుంది. బుగ్గలు వచ్చాయి. నాకు తెలియకుండా వచ్చాయి.

‘కిందికి వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తానమ్మా’ అని లేచాను. అరుణమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ‘చెప్పేది వద్దు! వాళ్ళ భార్యలు అందరికీ తెలుసు. అందరూ పిల్లలు కన్నవాళ్ళే కదా. తెలిసే ఊరుకున్నారు’ అంది. ఎందుకమ్మా అంటే, ‘మగవాళ్ళు బీరు మానేసినారు, పేకాట మానేసినారు, పొద్దు గూకితే ఇంట్లో ఉండి మనవల్ని చూస్తారు. నూకరాజు పెండ్లాం నిన్న నాతో ఏమి చెప్పింది తెలుసా? ముప్పై ఏండ్లలో మొదటిసారి ఆయన గిన్నె కడిగినాడంట. అది చెడగొట్టేస్తే మీకు ఈ బ్లాకులో మంచినీళ్ళు కూడా పుట్టవు లా’ అంది.

అలా నోరు మూసుకున్నాను. అక్కడితో అయిపోతే బాగుండేది. నిన్న ఆదివారం నాన్నలంతా చేరి నాకు సన్మానం పెట్టారు. నూకరాజుగారు శాలువా కప్పారు. ‘ఈయన నేకపోతే మనమేటైపోదుం’ అన్నారు. వెనక వరసలో ఆడవాళ్ళంతా కూర్చున్నారు. చప్పట్లు అందరికంటే గట్టిగా వాళ్ళే కొట్టారు. నేను తల ఎత్తలేకపోయాను. అది వినయం అనుకుని మగవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. నాలుగు మాటలు చెప్పమంటే, ‘ఇదంతా మా ఆవిడ దయ’ అని కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక లేచి బయటికి వెళ్ళిపోయారు.

అమ్మాయికి రెండు పూటలా చారు నేనే కాస్తున్నాను. అది తాగేదాకా పక్కనే కూర్చుంటున్నాను. ‘వెళ్ళండి నాన్నా’ అంటుంది సిగ్గుతో. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాను, వెళ్ళను.

పేపర్లు దిద్దడం అయిపోగానే వచ్చెయ్యి. ఈ బ్లాకులో ఏ ఆడమనిషి ఎదురుపడినా నాకు లిఫ్టు దిగి పారిపోవాలనిపిస్తోంది. నువ్వూ నవ్వుతావని తెలుసు. నువ్వు నవ్వితే భరించగలను.

తలవంచుకుని,
నీ విశ్వేశ్వరరావు

తా.క. నిన్న సన్మానం అయ్యాక ఆడవాళ్ళంతా నన్ను మెట్ల దగ్గర ఆపారు. మగవాళ్ళ చేత చుట్టలు మానిపించే చారు లిమ్ గారి దగ్గర ఏదైనా ఉంటే కనుక్కోవాలట. ఎంత చేదైనా ఫరవాలేదట. ముందు నన్నే తాగి చూపించమంటున్నారు.