నేను అడిగిన బ్రిడ్జి వేరు

శ్రీయుత జిల్లా అర్జీల విభాగం అధికారి గారి సముఖమునకు, ఏలూరు.

అయ్యా,

విషయం: నేను కోరిన బ్రిడ్జియు, తమరు కట్టించబోవు బ్రిడ్జియు ఒకటి కాదనుట గురించి.

కొల్లేటి గ్రామము జమ్ములంక నివాసి సీమోను గారి కుమార్తె గ్రేస్ విన్నవించుకొనునది.

1. నేను ఏలూరులో ఇంటర్ ఒకేషనల్ టూరిజం ఫస్ట్ క్లాసులో పాసైతిని. తాడేపల్లిగూడెంలో డిగ్రీ టూరిజంలో చేరబోగా, రెండు సిలబసులు కలియవనియు, బ్రిడ్జి కోర్సు చేసి రావలెననియు చెప్పిరి. ఇంటర్ కాలేజీలో అడుగగా టూరిజానికి ఆ కోర్సే లేదనిరి. లేనిదాన్ని ఎక్కడ చేసి రానండీ? పోనీ, డిగ్రీ మొదటి పుస్తకం తెరిస్తే నేను రెండేళ్ళు చదివిన పాఠాలే.

2. కావున రెండు చదువులను కలుపుమని గత నెల తమకు అర్జీ పెట్టుకొంటిని. అందు "నడుమ బ్రిడ్జి లేక అవతలికి పోలేకున్నాను" అని వ్రాయుట నా బుద్ధితక్కువ. కింద ఊరి పేరు చూసి ఆ కాగితాన్ని రోడ్ల ఇంజనీరు ఈశ్వరప్రసాద్ గారికి పంపించారు. ఆయన టేపుతో వచ్చి, మా ఊరికీ రోడ్డుకీ నడుమనున్న డ్రెయిను కాలువ కొలిచి, "ఇన్నాళ్ళకు ఒక్కరు సూటిగా రాశారండీ" అని మెచ్చుకుని వెళ్ళారు.

3. డ్రెయిను మీద మాకు తాటిపట్టెలే దారి. ఇక ఊరంతా పండగ. ఆదివారం పాస్టరు గారు నా పేరు చెప్పి కృతజ్ఞతా ప్రార్థన చేయించారు. ఆమెన్ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, సిగ్గులేకుండా.

4. తిరిగి అర్జీ పెట్టబోగా తమ ఆఫీసు కంప్యూటరమ్మాయి, "మీ పేరు మీద బ్రిడ్జి ఒకటి నడుస్తోందండీ. అది వెనక్కి తీసుకుంటేనే ఇంకోటి ఎక్కుతుంది" అన్నది. ఇది తెలిసి ఊరి పెద్ద వెంకట్రాజు గారు ఇంటికొచ్చి, "ఏవమ్మా గ్రేసూ, చదువు పై ఏడైనా చదువుకోవచ్చు. బ్రిడ్జి మళ్ళీ వస్తుందా?" అన్నారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయినది. డిగ్రీ సీటుకు గడువు ఈ నెల ఇరవై ఎనిమిది.

కావున మొదటి అర్జీని కదపక, దీనిని వేరు నంబరుతో స్వీకరించి, రెండు సిలబసులను కలిపించి, నా ఇరకాటమును చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గ్రేస్

తా.క. వెనక్కి తీసుకునే కాగితం ఇంట్లో రాసే ఉందండి. సంతకం పెట్టమని పోరేది మా అమ్మ సుగుణ. కిందటి వానాకాలం చేపల గంపతో ఆ పట్టెల మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నదీ ఆవిడే. "నా చెయ్యి అతుక్కుందిలేవే, నువ్వెళ్ళి చదువుకో" అంటుంది. ఆ చెయ్యి ఇంకా భుజం దాకా లేవదండి. ఆవిడ తల నేనే దువ్వుతున్నాను. ఆ సంతకం నేను పెట్టలేను సార్.